చక్రాల ఇంట్లో నిప్పు: కారవాన్లు, యాత్రా వాహనాల్లో అగ్నిప్రమాదాలు ఎందుకు జరుగుతాయి? బయలుదేరే ముందు ఏం చూసుకోవాలి?

రాయ్‌పుర్‌లోని శంకర్ నగర్ నుంచి విశాఖపట్నానికి రోడ్డు మార్గాన బయలుదేరిన కుటుంబం ధమ్తరి, కాంకేర్ దాటి, కేశ్‌కాల్ ఘాట్ ఎక్కి, జగ్దల్‌పుర్ మీదుగా కోరాపుట్ కొండల్లోకి ప్రవేశిస్తుంది. అక్కడి నుంచి ఘాట్ దిగితే సాలూరు. దారిలో చాలా భాగం అడవి, కొండ. ఊరికీ ఊరికీ మధ్య దూరం ఎక్కువ. రాయ్‌పుర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది పండుగలకూ, పెళ్లిళ్లకూ, తీర్థయాత్రలకూ సొంత ప్రాంతానికి చేర్చే దారి.

పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉన్న కుటుంబాలు ఇలాంటి ప్రయాణాలకు పడుకునేందుకు, వండుకునేందుకు వీలున్న వాహనాన్ని కోరుకోవడం సహజం. అది అన్ని హంగులూ ఉన్న కారవాన్ కావచ్చు, సీట్లు తీసి పరుపులు వేయించిన టెంపో ట్రావెలర్ కావచ్చు, వంటవాళ్లతో, గ్యాస్ స్టవ్వుతో కాశీకి బయలుదేరే యాత్రా బస్సు కావచ్చు. పేరు ఏదైనా, ప్రయాణం సాగినన్నాళ్లూ అది ఇల్లే. ఆ ఇంట్లో నిప్పు అంటుకుంటే పరిస్థితి ఏమిటన్నది మాత్రం బయలుదేరే హడావుడిలో ఎక్కువమందికి తట్టని ప్రశ్న.

మదురై చెప్పిన పాఠం

2023 ఆగస్టు 26 తెల్లవారుజామున తమిళనాడులోని మదురై రైల్వే స్టేషన్ సమీపంలో నిలిపి ఉంచిన ఒక బోగీలో మంటలు చెలరేగాయి. అది లఖ్‌నవూ నుంచి దక్షిణాది యాత్రకు వచ్చిన బృందం ప్రత్యేకంగా అద్దెకు తీసుకున్న బోగీ. అందులో ఉన్నవారికి కొన్ని రోజులుగా అదే పడకగది, అదే భోజనశాల. నిబంధనలకు విరుద్ధంగా లోపలికి తెచ్చుకున్న గ్యాస్ సిలిండర్‌తో టీ కాచుకునే ప్రయత్నంలో మంటలు అంటుకున్నట్టు రైల్వే అధికారులు ప్రకటించారు. తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోయారు.

రైలులో గ్యాస్ సిలిండర్ వంటి ప్రమాదకర వస్తువులను తీసుకెళ్లడం రైల్వే చట్టం ప్రకారం నేరం. 67వ సెక్షన్ దాన్ని నిషేధిస్తుంది, 164వ సెక్షన్ శిక్షను నిర్దేశిస్తుంది. అయినా ఆ బోగీలోకి సిలిండర్ చేరింది. యాత్రలో సొంత వంట తినాలన్న కోరిక మన దగ్గర బలమైనది. మడి, పథ్యం, ఖర్చు, పిల్లల పాలు... కారణాలు ఎన్నో. అందుకే ‘వండకండి’ అని చెప్పి ఊరుకుంటే సరిపోదు. చక్రాల మీద నడిచే ఇంట్లో నిప్పు మామూలు ఇంట్లోని నిప్పులా ప్రవర్తించదని తెలియాలి.

ఇంటి ప్రమాదం, బండి ప్రమాదం ఒకే చోట

ఇంట్లో ఉండే ప్రమాద కారకాలు మనకు తెలుసు: గ్యాస్, విద్యుత్తు, మరిగే నూనె, దీపం. వాహనంలో ఉండేవీ తెలుసు: డీజిల్ లేదా పెట్రోల్, వేడెక్కిన ఇంజిన్, బ్రేకులు, టైర్లు, బ్యాటరీ. కారవాన్‌లో ఈ రెండు జాబితాలూ కలిసి కొన్ని అడుగుల పొడవున్న పెట్టెలో ఇముడుతాయి. పైగా ఆ పెట్టె గతుకుల రోడ్డు మీద గంటల తరబడి కుదుపులకు లోనవుతుంది. ఇంట్లో ఏళ్ల తరబడి కదలని గ్యాస్ గొట్టం, విద్యుత్ తీగ, బిగించిన నట్టు వాహనంలో ప్రతిరోజూ అదురుతూనే ఉంటాయి. బిగింపులు వదులవుతాయి, రాపిడికి తీగల పైపొర అరిగిపోతుంది.

రెండో తేడా సమయం. ఇంట్లో మంట ఒక గది నుంచి మరో గదికి పాకడానికి కొంత వ్యవధి పడుతుంది. గోడలు, తలుపులు దాన్ని ఆపుతాయి. వాహనంలో ఆ అడ్డు లేదు. సీట్ల నురుగు, రెక్సిన్, ప్లైవుడ్, ప్లాస్టిక్ పలకలు, తెరలు, పరుపులు, అన్నీ వేగంగా కాలేవే. అవి వెలువరించే పొగ మంట కంటే ముందే మనిషిని స్పృహ తప్పిస్తుంది.

దూరప్రాంత బస్సుల్లోనూ, పాఠశాల బస్సుల్లోనూ ప్రయాణికులు కూర్చునే భాగంలో అగ్ని హెచ్చరిక, రక్షణ వ్యవస్థలు ఉండాలని కేంద్ర రహదారి రవాణా శాఖ 2022 జనవరిలో ప్రకటించినప్పుడు చెప్పిన కారణం కూడా ఇదే. బస్సు అగ్నిప్రమాదాల్లో ప్రయాణికులు గాయపడేది ప్రధానంగా లోపల కమ్ముకునే వేడి, పొగల వల్లనేనని ఆ శాఖ వివరించింది. లోపలి ఉష్ణోగ్రతను 50 డిగ్రీల సెల్సియస్ లోపు నిలిపి ఉంచగలిగితే బయటపడేందుకు అదనపు సమయం దొరుకుతుందన్నది ఆ ఏర్పాటు ఉద్దేశం.

కారవాన్‌లో అగ్ని రక్షణ అంటే ఆ కొద్ది నిమిషాలను కాపాడుకోవడమే. ఆ నిమిషాలు ప్రమాదం జరిగిన తర్వాత దొరికేవి కావు, బయలుదేరే ముందే సిద్ధం చేసుకోవలసినవి.

తెలుగు రోడ్ల మీద జరిగిన ఘోరాలు

2013 అక్టోబర్ 30న బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ప్రైవేటు ఓల్వో బస్సు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం వద్ద కల్వర్టును ఢీకొని దగ్ధమైంది. నిద్రలో ఉన్న 45 మంది సజీవదహనమయ్యారు. పన్నెండేళ్ల తర్వాత, అదే 44వ నంబరు జాతీయ రహదారి మీద, 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు సమీపంలోని చిన్నటేకూరు వద్ద హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న స్లీపర్ బస్సు కాలి బూడిదైంది. రోడ్డు మీద పడి ఉన్న మోటార్ సైకిల్ బస్సు కింద చిక్కుకుని, దాని ట్యాంకు నుంచి కారిన పెట్రోలుకు నిప్పంటుకుంది. 19 మంది ప్రయాణికులు మరణించారు, అంతకుముందే మోటార్ సైకిల్ నడిపిన యువకుడూ ప్రాణాలు కోల్పోయాడు. బస్సు సామాన్ల అరలో పెద్ద సంఖ్యలో మొబైల్ ఫోన్లు ఉన్నాయని, వాటి బ్యాటరీలు మంటల తీవ్రతను పెంచాయని ప్రాథమిక పరిశీలనలో తేలినట్టు అప్పట్లో అధికారులు తెలిపారు.

అంతకు పది రోజుల ముందే, అక్టోబర్ 14న, రాజస్థాన్‌లోని జైసల్మేర్ నుంచి జోధ్‌పుర్ వెళ్తున్న ఏసీ స్లీపర్ బస్సు కాలిపోయి 20 మందికి పైగా మరణించారు. తయారీ తర్వాత ఆ బస్సు నిర్మాణంలో చేసిన మార్పులు తీవ్ర చర్చకు వచ్చాయి.

ఇవి కారవాన్లు కావు. అయినా పడకలున్న ప్రతి వాహనానికీ ఇవి చెప్పేది ఉంది. ప్రయాణికులు నిద్రలో ఉన్నప్పుడు మంటను ఆలస్యంగా గుర్తిస్తారు. పడకలు అమర్చిన కొద్దీ నడిచే దారి ఇరుకవుతుంది. ఒకే తలుపు ఉండి అది తెరుచుకోకపోతే కిటికీ అద్దమే దిక్కవుతుంది. సామాన్ల అరలో ఏముందో తెలియకపోవడమూ ప్రమాదమే.

2024 మే నెలలో హరియాణాలోని నూహ్ వద్ద మథుర, బృందావనం దర్శించుకుని తిరిగి వస్తున్న యాత్రికుల బస్సుకు నిప్పంటుకుంది. వెనుక మంటలు లేచిన సంగతి డ్రైవర్‌కు తెలియలేదు. దాన్ని చూసిన ఒక మోటార్ సైకిలిస్టు వెంబడించి హెచ్చరించాల్సి వచ్చింది. ముందు కూర్చున్న మనిషికి వెనుక రగిలే నిప్పు కనిపించదు. అందుకే కన్ను చేయలేని పని పరికరం చేయాలి.

చక్రాల ఇల్లు మనకు కొత్తేమీ కాదు

1982లో తెలుగుదేశం పార్టీని స్థాపించిన నందమూరి తారక రామారావు పాత షెవర్లే వ్యాన్‌ను ప్రచార వాహనంగా మార్పించుకుని ‘చైతన్య రథం’ పేరుతో రాష్ట్రమంతా తిరిగారు. కుమారుడు హరికృష్ణ సారథి. నెలల తరబడి ఆ వాహనమే ఆయనకు నివాసమూ, వేదికా అయింది. ఆ తర్వాత సినీ పరిశ్రమలో తారల విశ్రాంతి కోసం వాడే కారవాన్లు సాధారణమయ్యాయి. కేరళ ప్రభుత్వం 2021లో ‘కేరవాన్ కేరళ’ పేరుతో కారవాన్ పర్యాటకానికి ప్రత్యేక విధానాన్ని ప్రకటించింది. ఇప్పుడు కారవాన్లను అద్దెకు తీసుకుని వెళ్లే కుటుంబాలు తెలుగు రాష్ట్రాల్లోనూ కనిపిస్తున్నాయి.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి ఇవి ‘ఆర్‌వీ’లుగా సుపరిచితం. వేసవి సెలవుల్లో రెండు మూడు కుటుంబాలు కలిసి ఆర్‌వీ అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్ వంటి జాతీయ ఉద్యానవనాలకు వెళ్తుంటాయి. అక్కడ ఆర్‌వీల తయారీకి వర్తించే ఎన్‌ఎఫ్‌పీఏ 1192 ప్రమాణం పొగ, గ్యాస్, కార్బన్ మోనాక్సైడ్‌లను పసిగట్టే హెచ్చరిక పరికరాలనూ, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్‌నూ, అత్యవసరంగా బయటపడే మార్గాన్నీ తప్పనిసరి చేస్తుంది. మన దేశంలో మోటర్ కారవాన్ల ఆమోదానికి ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. కానీ పాత వ్యాన్ కొని, పక్క వీధిలోని వర్క్‌షాపులో మంచాలు, స్టవ్వు, ఇన్వర్టర్ బిగించుకున్న వాహనం ఏ పరీక్షకూ నిలిచింది కాదు. దానిలో ప్రమాదాన్ని ముందుగా కనిపెట్టవలసింది యజమానే.

గ్యాస్: వాసన కంటే ముందు లెక్క

వంటగ్యాస్ గాలి కంటే బరువైనది. లీకైన గ్యాస్ పైకి పోదు. నేల మీద నీటిలా పరుచుకుని, పడక కింది అరల్లో, మూలల్లో నిలుస్తుంది. ఇంట్లో గుమ్మం కింది సందు నుంచైనా కొంత బయటికి పోతుంది. ఏసీ కోసం అన్నీ మూసిన వాహనంలో ఆ వీలుండదు.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఐదు మీటర్ల పొడవు, దాదాపు 1.8 మీటర్ల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న వాహనంలో సుమారు 16 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. గాలిలో వంటగ్యాస్ వాటా సుమారు రెండు శాతానికి చేరితే చాలు, నిప్పురవ్వ తగిలి అంటుకోగలదు. అంటే సుమారు 320 లీటర్ల గ్యాస్. బరువులో చెప్పాలంటే ముప్పావు కిలో కంటే తక్కువే. ఇంటి సిలిండర్‌లో ఉండే 14.2 కిలోల్లో ఇది ఇరవయ్యో వంతు మాత్రమే. వాహనం అంతటా సమంగా కలిస్తే వచ్చే లెక్క ఇది. గ్యాస్ నేల దగ్గరే పేరుకుంటుంది కాబట్టి, అంతకంటే చాలా తక్కువ లీకైనా ప్రమాదమే.

కాబట్టి పాటించవలసినవి:

- సిలిండర్ పడకల మధ్య, సీట్ల కింద ఉండకూడదు. బయటి నుంచి తెరిచే, లోపలి భాగంతో సంబంధం లేని ప్రత్యేక అరలో ఉండాలి. ఆ అర అడుగున గ్యాస్ బయటికి పోయే రంధ్రాలుండాలి. అవి ఇంజిన్, పొగగొట్టం వైపు ఉండరాదు.
- సిలిండర్ ఎప్పుడూ నిటారుగా నిలబడి, పట్టీతో గట్టిగా బిగించి ఉండాలి. పడుకోబెట్టిన సిలిండర్ నుంచి గ్యాస్ ద్రవరూపంలోనే బయటికి రావచ్చు. ఒక లీటరు ద్రవం సుమారు 250 లీటర్ల గ్యాస్‌గా మారుతుంది.
- వాహనం కదులుతున్నంత సేపూ సిలిండర్ దగ్గరే వాల్వ్ మూసి ఉండాలి. స్టవ్వు నాబ్ ఒక్కటీ ఆపితే చాలదు.
- ఐఎస్‌ఐ గుర్తు ఉన్న, లోపల తీగ అల్లిక గల రబ్బరు గొట్టమే వాడాలి. ఇంట్లో దాన్ని ఐదేళ్లకోసారి మార్చమంటారు. కుదుపులకు లోనయ్యే వాహనంలో ప్రతి ప్రయాణానికీ ముందు పగుళ్లు ఉన్నాయేమో చూడాలి.
- సిలిండర్ పైభాగంలోని పట్టీ లోపలి వైపు ఒక అక్షరం, రెండంకెలు ఉంటాయి. ‘ఏ’ అంటే మార్చి, ‘బి’ అంటే జూన్, ‘సి’ అంటే సెప్టెంబర్, ‘డి’ అంటే డిసెంబర్ వరకు, అంకెలు సంవత్సరం. ఆ గడువు దాటిన సిలిండర్‌ను తీసుకోకూడదు.
- లీకు ఉందేమో చూడటానికి సబ్బు నురుగు రాయాలి. బుడగలు వస్తే లీకు ఉన్నట్టే. అగ్గిపుల్ల గీసి చూసే అలవాటు ఎన్నో ఇళ్లను కాల్చింది.

గ్యాస్ వాసన వస్తే లైటు, ఫ్యాను, ఫోను, ఇంజిన్ ఏ స్విచ్చునూ తాకకుండా అందరినీ దించి, తలుపులు తెరిచి, సిలిండర్ వాల్వ్ మూయాలి. వంటగ్యాస్ లీకుల కోసం 1906 నంబరు ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. ఆ ఫోనైనా వాహనానికి దూరంగా వెళ్లి చేయాలి.

12 వోల్టులే కదా అనుకోవద్దు

కారవాన్ బ్యాటరీ 12 వోల్టులదే. ముట్టుకుంటే షాక్ కొట్టదు కాబట్టి ప్రమాదం లేదని చాలామంది భావిస్తారు. అసలు ప్రమాదం వేరే చోట ఉంది. ఇంట్లో 1,200 వాట్ల కెటిల్ 230 వోల్టుల మీద సుమారు ఐదు ఆంపియర్ల విద్యుత్తును లాగుతుంది. అదే కెటిల్‌ను ఇన్వర్టర్ ద్వారా 12 వోల్టుల బ్యాటరీ మీద నడిపితే బ్యాటరీ నుంచి వంద ఆంపియర్లకు పైగా ప్రవహిస్తుంది. తీగ సన్నదైతే, బిగింపు వదులైతే ఆ చోటు ఎర్రగా కాలుతుంది. పక్కనే ప్లైవుడ్, స్పాంజి ఉంటే మంట అక్కడే మొదలవుతుంది.

బ్యాటరీకి వీలైనంత దగ్గరలో తగిన ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు పోతే దాని స్థానంలో వెండి కాగితమో, రాగి తీగో చుట్టడం ఆత్మహత్యా సదృశం. ఫ్యూజు పోయిందంటే ఎక్కడో తప్పు ఉందని అర్థం. ఇనుప రేకు గుండా తీగ వెళ్లే ప్రతి రంధ్రంలో రబ్బరు కవచం ఉండాలి. లేకపోతే కుదుపులకు రేకు అంచు తీగను కోస్తుంది.

బస చేసిన చోట బయటి నుంచి కరెంటు తీసుకునేటప్పుడు ఎక్స్‌టెన్షన్ తీగను పూర్తిగా విప్పి వాడాలి. చుట్టగా ఉన్న తీగలో పుట్టిన వేడికి బయటపడే దారి ఉండదు. ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీని పసిగట్టి ఆగిపోయే రక్షణ స్విచ్చు తప్పనిసరి. ఫోన్లు, పవర్ బ్యాంకులు, ఎలక్ట్రిక్ సైకిల్ బ్యాటరీలను పరుపు మీద, దిండు కింద పెట్టి రాత్రంతా ఛార్జింగ్‌లో ఉంచకూడదు. ఉబ్బిన బ్యాటరీని వాహనంలోకే తేకూడదు.

విదేశీ కారవాన్లలో గ్యాస్ మంటతో నడిచే ఫ్రిజ్‌లు కూడా ఉంటాయి. అమెరికాలో 2006లో ఒక తయారీ సంస్థ ఇలాంటి ఫ్రిజ్‌లను అగ్నిప్రమాద భయంతో 9 లక్షలకు పైగా రీకాల్ చేసింది. పాత ఆర్‌వీని కొనే తెలుగు కుటుంబాలు దాని తయారీ నంబరుతో రీకాల్ వివరాలను ముందే సరిచూసుకోవడం మంచిది.

దీపం, కుంపటి, జనరేటర్

కొన్ని ప్రమాదాలు మన అలవాట్ల నుంచి వస్తాయి. బయలుదేరే ముందు వాహనానికి కర్పూర హారతి ఇవ్వడం, ముందు అద్దం దగ్గర దేవుడి పటానికి అగరొత్తులు వెలిగించడం, రాత్రి దోమల చుట్ట పెట్టుకోవడం మనకు మామూలే. హారతి వాహనం బయట ఇవ్వవచ్చు. కదిలే వాహనంలో, తెరలూ పరుపులూ ఉన్న చోట నిప్పు ఉన్న ఏ వస్తువూ ఉండకూడదు. దీపావళికి బాణసంచా కొని సామాన్లలో పెట్టుకుని వెళ్లడమూ అంతే ప్రమాదకరం.

డిసెంబర్, జనవరిల్లో రాయ్‌పుర్, బస్తర్ ప్రాంతాల్లో రాత్రులు బాగా చల్లగా ఉంటాయి. చలి కాచుకునే కుంపటిని, ఛత్తీస్‌గఢ్‌లో సిగడీ అనే దాన్ని, మూసిన వాహనంలో ఉంచుకుని నిద్రపోతే మంట అంటకపోయినా మనిషి లేవకపోవచ్చు. బొగ్గు, డీజిల్, గ్యాస్ ఏది సరిగా కాలకపోయినా రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది.

కేరళలోని వటకర సమీపంలో 2024 డిసెంబర్‌లో రోడ్డు పక్కన ఆపి ఉంచిన కారవాన్‌లో ఇద్దరు వ్యక్తులు మరణించి కనిపించారు. మంట లేదు, పెనుగులాట లేదు. జనరేటర్ నుంచి వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ వాహనం అడుగుభాగంలోని రంధ్రం గుండా లోపలికి చేరిందని కాలికట్ ఎన్‌ఐటీ నిపుణులు పాల్గొన్న పరీక్షలో తేలింది. జనరేటర్‌ను వాహనానికి దూరంగా, గాలి వాహనం నుంచి అటువైపు వీచేలా పెట్టాలి. నేలలోని ప్రతి సందును మూయించాలి. పడక దగ్గర కార్బన్ మోనాక్సైడ్ హెచ్చరిక పరికరం ఉండాలి.

ఇంజిన్ వైపు నుంచి వచ్చే నిప్పు

డీజిల్ గొట్టం మీద చెమ్మ, ఇంజిన్ కింద నూనె మరకలు కనిపిస్తే ప్రయాణం వాయిదా వేయాలి. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీదే ఆధారపడితే చక్రాలు విపరీతంగా వేడెక్కుతాయి. కేశ్‌కాల్ వంటి చోట్ల తక్కువ గేరులో దిగడం, కింద కొంతసేపు ఆపడం మంచిది. చక్రం దగ్గర కాలిన వాసన వచ్చిన వెంటనే ఆపాలి. రెండు చక్రాలు జంటగా ఉండే చోట ఒక టైరులో గాలి తగ్గితే రాపిడికి అదే రాజుకోవచ్చు.

ఎండాకాలంలో ఎండుగడ్డి మీద వాహనం ఆపకూడదు. వేడెక్కిన పొగగొట్టం గడ్డిని అంటించగలదు. సాల అడవుల గుండా సాగే ఈ దారిలో ఆ నిప్పు ఒక్క వాహనంతో ఆగదు.

రెండో దారి ఏది?

ప్రతి పడక నుంచి రెండు మార్గాల్లో బయటపడే వీలుండాలి. ఒకటి తలుపు, రెండోది తెరుచుకునే కిటికీ లేదా పైకప్పు ద్వారం. వంటస్థలం తలుపు పక్కనే ఉంటే మంట మొదట తలుపునే మూస్తుంది. అలాంటి వాహనంలో వెనుక కిటికీయే ప్రాణాధారం. దాని ముందు సామాన్లు పేర్చడం, దొంగల భయంతో కమ్మీలు బిగించడం చేయకూడదు.

అద్దం పగలగొట్టే చిన్న సుత్తి పడక దగ్గరే ఉండాలి. గట్టిపరచిన పక్క అద్దాలు మూలన కొడితే పొడిగా రాలతాయి. ముందు అద్దంలా పొరలుగా అతికించినవి మాత్రం సుత్తికి పగుళ్లిస్తాయే తప్ప దారి ఇవ్వవు. మీ వాహనంలో ఏది ఏ రకమో ముందే తెలుసుకోవాలి.

ఐఎస్‌ఐ గుర్తు ఉన్న ఏబీసీ రకం పొడి ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు రెండు ఉండాలి. ఒకటి డ్రైవర్ దగ్గర, మరొకటి తలుపు దగ్గర. స్టవ్వు పక్కన పెడితే మంట లేచినప్పుడు చేయి అందదు. ముల్లు పచ్చ గడిలో ఉందో లేదో నెలకోసారి చూడాలి. వాడేటప్పుడు పిన్ను లాగి, మంట మొదలు వైపు గురిపెట్టి, మీట నొక్కి, అటూ ఇటూ చల్లాలి. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదు. స్టవ్వు ఆపి, మూత పెట్టాలి.

ఒక ఎక్స్‌టింగ్విషర్ పొడి కొన్ని సెకన్లలోనే అయిపోతుంది. అంతలో ఆరకపోతే పోరాటం ఆపి దిగిపోవాలి. వాహనం కాలిపోవచ్చు, మనిషి కాలకూడదు.

మంట కనిపిస్తే

వాహనాన్ని పక్కకు ఆపి, ఇంజిన్ కట్టేసి, నిద్రలో ఉన్నవారిని కేకలేసి లేపాలి. పొగలో వంగి, నేలకు దగ్గరగా కదలాలి. ఫోను, నగలు, పెట్టెలు వదిలేయాలి. కనీసం ముప్పై మీటర్ల దూరం, గాలికి ఎదురుగా వెళ్లి తలలు లెక్కపెట్టాలి. లోపలి సిలిండర్ పేలవచ్చు కాబట్టి ఎవరినీ తిరిగి లోపలికి వెళ్లనివ్వకూడదు. ఇంజిన్ భాగంలో పొగ వస్తుంటే బోనెట్‌ను అమాంతం ఎత్తకూడదు. గాలి తగిలి మంట ఎగసిపడుతుంది.

112కు ఫోన్ చేసి రహదారి పేరు, దగ్గరలోని కిలోమీటరు రాయి సంఖ్య చెప్పాలి. జాతీయ రహదారుల మీద 1033 కూడా పనిచేస్తుంది. కాలిన చోట ఇరవై నిమిషాల పాటు పారే చల్లటి నీరు పోయాలి. సిరా, టూత్ పేస్టు, పసుపు పూయకూడదు. ఒంటి మీది బట్టలకు నిప్పంటుకుంటే పరుగెత్తకుండా నేల మీద దొర్లాలి.

అద్దెకు తీసుకునేవారు అడగవలసినవి

తయారీ నిర్దేశాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడం మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం కుదరదు. రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న సీట్లు, పడకల సంఖ్య లోపల ఉన్నవాటితో సరిపోలుతోందా అన్నది మొదటి ప్రశ్న. ఫిట్‌నెస్ పత్రం, బీమా చెల్లుబాటులో ఉన్నాయా అన్నది రెండోది. చెప్పకుండా చేసిన మార్పులు బీమా పరిహారానికీ అడ్డు రావచ్చు. గ్యాస్, ఇన్వర్టర్ ఎవరు బిగించారు, చివరిసారి ఎప్పుడు పరీక్షించారు అన్నది మూడోది. సమాధానం తడబడితే వేరే వాహనం చూసుకోవడమే మేలు.

గేటు దగ్గర పది నిమిషాలు

శంకర్ నగర్‌లో ఇంటి ముందు వాహనం నిలిచి, సామాన్లు ఎక్కాక, తాళాలు వేశాక, ఒక పది నిమిషాలు కేటాయిస్తే చాలు. సిలిండర్ వాల్వ్ మూసి ఉందా? బిగింపులకు సబ్బు నురుగు పట్టించారా? హెచ్చరిక పరికరాల మీట నొక్కితే మోగుతున్నాయా? ఎక్స్‌టింగ్విషర్ ముల్లు పచ్చలో ఉందా? వెనుక కిటికీ తెరుచుకుంటోందా? దానికి ఏదీ అడ్డు లేదు కదా?

ఆ తర్వాత అందరినీ వారి వారి పడకల్లో పడుకోమని, లైట్లు ఆర్పి, ‘మంట’ అని అరిచి చూడాలి. అమ్మమ్మకు కిటికీ ఎత్తు అందుతుందా? పసివాడిని ఎవరు ఎత్తుకుంటారు? సుత్తి ఎవరి చేతికి దగ్గర? దిగాక అందరూ ఎక్కడ చేరాలి? ఈ ప్రశ్నలకు జవాబులు వెలుతురులో, ఇంటి గుమ్మం ముందు దొరకాలి. అర్ధరాత్రి అడవి దారిలో, పొగ మధ్య వాటి కోసం వెతికే వ్యవధి ఉండదు.

రాయ్‌పుర్, విశాఖపట్నాలను కలిపే 464 కిలోమీటర్ల ఆరు వరుసల కొత్త రహదారి ఈ ప్రయాణాన్ని సులువు చేయనుంది. రోడ్డు బాగుపడిన కొద్దీ రాత్రి ప్రయాణాలూ, పడకలున్న వాహనాలూ పెరుగుతాయి. రోడ్డు ఎంత బాగున్నా, వాహనం లోపల ఏముందో, బయటికి దారి ఎటుందో చూసుకునే బాధ్యత మాత్రం అందులో పడుకునే కుటుంబానిదే.